పైడితర్రి

ఎమ్మే, తూర్పు ఆసియా అధ్యయనాలు.
ఫీజు రసీదులో అంత పొడుగు పేరు పట్టక
గుమాస్తా "తూ.ఆ." అని రాశాడు.
మా నాన్న రెండుసార్లు చదివి
"ఏటమ్మా ఇది, ఉమ్మినట్టుంది" అన్నాడు.

క్లాసులో నలుగురం.
కొరియా సీరియళ్లు చూసి చూసి వచ్చిన జ్ఞానాపురం రోజ్‌మేరీ,
అచ్యుతాపురం కంపెనీలో దుబాసీ పని మీద కన్నేసిన జగ్గునాయుడు,
ఎందుకు చేరాడో రెండో సెమిస్టరుకీ చెప్పని తవిటయ్య,
కంచరపాలెం నుంచి నేను.
మొదటి రోజే మృణాళిని మేడం అంది:
"కిటికీ తెరవండి. మీకు కనపడటం మానేసిన చోట
మన సిలబస్ మొదలవుతుంది."
తెరిచాం. సముద్రం.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఆ రెక్క
మళ్లీ మూతపడలేదు.

జపాను వాక్యంలో క్రియ చివరికి వస్తుంది.
ఇంగ్లీషు పుస్తకం దీన్నొక వింతలా
ఆరు పేజీలు వివరించింది.
నేను ఆ ఆరు పేజీలూ తిప్పేసి
ఉడకబెట్టిన శనక్కాయలు కొనుక్కోడానికి వెళ్లాను.

అక్షరాలు మాత్రం అంత మంచివి కావు.
రెండువేల పైచిలుకు.
సిటీ బస్సులో టిక్కెట్టు వెనక రాసుకుంటాను.
గురుద్వారా దగ్గర ఎక్కినవి
తాటిచెట్లపాలెంలో దిగిపోతాయి.

ఒక్కటి దిగలేదు. ఇనుము.
ఎడమవైపు లోహం,
కుడివైపు పోగొట్టుకోవడం.
అది పాత అక్షరానికి కుదించిన రూపమనీ
గీతలు తగ్గించడానికే తప్ప
ఆ పోగొట్టుకోవడానికి అర్థమేమీ లేదనీ మేడం చెప్పింది.
సరే, లేదు.
ఐనా మా నాన్న ఇరవై తొమ్మిదేళ్లు
రేవులో ఖనిజం బెల్టు పక్కన నిలబడ్డాడు.
బైలదిల్లా కొండలు రైలెక్కి వచ్చి
ఆయన ముందు నుంచే ఓడలోకి జారిపోయేవి.
సాయంత్రం ఆయన స్నానం చేస్తే
తూములోంచి ఎర్రనీళ్లు.
అందరి నాన్నలూ అలాగే రోజూ కొంచెం కరుగుతారనుకునేదాన్ని.

"ఎక్కడికెళ్లేది నాన్నా అదంతా?"
"జపానుకి."
"అక్కడేం చేసేవారు?"
"కాగితంలో రేవు పేరు వరకే ఉంటాదమ్మా."
నా డిసర్టేషన్
ఆ రేవు పేరు తర్వాత మొదలైంది.

మామ్మకి చెప్పాను. పైడితల్లి, తొంభై దగ్గర పడింది.
నలభై రెండు ఏప్రిల్లో ఏడేళ్ల పిల్ల.
జపాను విమానాలు రేవు మీద బాంబులేస్తే
కోడిపెట్టని చంకలో పెట్టుకుని
కొత్తవలస దాకా నడిచిందట.
ఆ కోడి దారిలో గుడ్డు పెట్టిందట.
(గుడ్డు ఎవరు తిన్నారన్నది ప్రతిసారీ మారుతుంది.
నేను ఫుట్‌నోటు పెట్టలేదు.)
ఇనుము సంగతి విని
చాలాసేపు తమలపాకు ఈనెలు తీసింది.
"ఆళ్లు ఇనుము ఊరకనే ఏసినారు మన మీద.
మీ అయ్య ఆళ్లకి జీతానికి ఎత్తినాడు.
ఎవులికెవులే బాకీ?"

మేడం ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి
పక్కన రాసింది: ఆధారం?
ఆధారం మా అరుగు మీద
ముక్కాలిపీట వేసుకుని కూచుంది.

నిన్న, తన పేరు ఆ లిపిలో రాయమంది.
వాళ్లకి 'ల' లేదు. ఉన్నది 'ర' ఒక్కటే.
రాసి చదివాను: పైడితర్రి.
"అదెవుర్తే!" పళ్లులేని నోరంతా నవ్వు.
ఆ తర్వాత కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
కళ్లకి దగ్గరగా తెచ్చుకుంది.
"ఆ ఊళ్లో ఉంటాదేమోనే ఈ పేరు గుంట.
నా ఈడుదే.
దాని ఊరి మీదా ఏసినారన్నావు కదా."

అన్నాను. మూడో పేపరు, రెండో యూనిట్.

"దానికి కోడుందేటి?"

రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.
నేను వాక్యం మొదలెట్టి
క్రియ దాకా వెళ్లలేకపోయాను.